మూడు ప్రాణుల బలాబలములు

పోకెమాన్ అను వీడియో ఆట 1996 ఫిబ్రవరి 27వ తేదీన జపాను దేశమున మొదట వెలువడెను. దానిని కల్పించిన సతోషి తజిరి బాల్యమున పురుగులను పట్టి కూడబెట్టుటయందు మిక్కిలి ఆసక్తి గలవాడు. ఆ ముచ్చటయే ఆటలో వింత ప్రాణులను పట్టి, పెంచి, పోరాడించుటగా మారినది. ఆటారంభమున ఓక్ అను పండితుడు మూడు ప్రాణులను జూపి, యొకదానిని కోరుకొమ్మనును: వీపున గడ్డను మోయు బల్బసార్, తోకకొనను మంటగల చార్మాండర్, తాబేటివంటి స్క్విర్టిల్. వీనిలో నేది బలమైనది? ఈ వాదము మా యింటిలో నొక దసరా సెలవులన్నియు నడచెను.

మేము జనగామవారము. మా పెద్దనాన్నగారి కుమారుడు మహబూబాబాదునను, చిన్నాన్నగారి కుమారుడు భూపాలపల్లిలోను ఉందురు. 2016 అక్టోబరు 11న ఈ మూడూళ్లును ఒక్కనాడే జిల్లా కేంద్రములైనవి గనుక, వాదమున ఊరి పౌరుషమును కొంత చేరెను. అన్న స్క్విర్టిల్‌ను, మేము బల్బసార్‌ను కోరితిమి. తమ్ముని తండ్రి బొగ్గుగనిలో పనిచేయువాడు. వాడు నిప్పును గాక మరేమి కోరును?

మా మేనత్తగారు అమెరికానుండి పంపిన పాత గేమ్ బాయ్ యంత్రమొక్కటే మా మువ్వురికిని ఆధారము. అందులో నొక్కరి ఆటయే నిలిచియుండును; మరియొకరు క్రొత్తగా మొదలిడి భద్రపరచినచో, ముందువాని శ్రమ చెరిగిపోవును. కావున వంతులు పెట్టుకొని, ఫలితములను నోటుపుస్తకమున వ్రాసికొంటిమి.

ప్రాణశక్తి, దాడి, రక్షణ, వేగము, విశేషశక్తి యను ఐదింటి పుట్టుబలమును కూడగా బల్బసార్‌కు 253, స్క్విర్టిల్‌కు 250, చార్మాండర్‌కు 249 వచ్చును. ఇవి పూర్తిగా నెదిగి వీనసార్, బ్లాస్టాయిస్, చారిజార్డ్ అను రూపములు దాల్చినపుడు మూటికిని సరిగా 425 చొప్పున నుండును. తూకములో మోసము లేదు. భేదమంతయు ఎదురగువారి వరుసలోనే యున్నది.

మొదట నెదురగు బ్రాక్ రాతిప్రాణులను దింపును. వానికి నీటిదెబ్బయు ఆకుదెబ్బయు నాలుగింతలు తగులును; అగ్ని సగమే తగులును. రెండవదియగు మిస్టీవి జలప్రాణులు. అక్కడను నిప్పునకే కష్టము, మా బల్బసార్‌కు సుఖము. మూడవవాడగు సర్జ్ విద్యుత్తుతో వచ్చును. అన్నగారి తాబేలు అచ్చట తడబడెను. నాలుగవదియగు ఎరికా తీగలతోను పూలతోను వచ్చుసరికి గాని చార్మాండర్‌కు మంచిదినము రాదు. ఇవన్నియు వ్రాసి, మా బల్బసారే మేటియని తీర్మానించితిమి.

తమ్ముని పుటలో బ్రాక్ పేరెదుట పదకొండు ఓటములును, పిమ్మట నొక గెలుపును ఉండెను. మేము నమ్మలేదు.

“గోళ్లతో గీరినచో బండకేమియు కాలేదన్నా. తొమ్మిదవ స్థాయిలో నిప్పురవ్వ వచ్చినది, దానినే వేసితిని. బండపై కట్టెలు కాల్చి పొర లేపువారిని నీవు చూడలేదా?” యని వాడనెను.

వాడు కడపటి వంతువాడు గనుక యంత్రమున వాని ఆటయే మిగిలెను. సంక్రాంతివరకు దానినే సాగించి, చార్మాండర్‌ను ముప్పదియారవ స్థాయి దాటించి, చారిజార్డ్‌ను చేసెను. దానికి కొలిమి యని పేరు పెట్టెను.

పండుగకు నాలుగు దినముల ముందు యంత్రము జనగామకు వచ్చెను. వాని మాట నిజమో కాదో చూడవలెనని మేము చార్మాండర్‌తో క్రొత్త ఆట మొదలిడితిమి. మొదట భద్రపరచక ఆడుదమనుకొంటిమి. కాని తొమ్మిదవ స్థాయి వచ్చుసరికి బ్యాటరీలు సన్నగిల్లెను. అమ్మ భోజనమునకు పిలుచుచుండెను. పాత ఆట చెరిగిపోవును, సమ్మతమా యని యంత్రమడిగెను. అవునని నొక్కితిమి. తెలియక చేసితిమని యిచ్చట వ్రాయజాలము.

భోజనానంతరము బ్యాటరీలు మార్చి బ్రాక్‌తో తలపడితిమి. ఆతని పెద్ద ప్రాణియగు ఓనిక్స్‌కు రక్షణ 160, విశేషశక్తి 30 మాత్రమే. ఆ తొలి ఆటలో నిప్పు విశేషశక్తి లెక్కలోనిది. గోటికి లొంగని బండ రవ్వకు లొంగెను. నోటుపుస్తకము నిజమే చెప్పినది.

భోగినాడు తమ్ముడు పరకాలమీదుగా బస్సునను, కాజీపేటనుండి రైలునను వచ్చెను. వచ్చినవెంటనే యంత్రమును తెరచి చూచెను. ఏమియు ననలేదు. అమ్మ పెట్టిన సకినాలు ముట్టలేదు. సాయంత్రము మేము తప్పొప్పుకొనబోగా, వాడు తల యెత్తకయే, “బ్రాక్‌ను దేనితో గెలిచితివన్నా?” యని యడిగెను.

“నిప్పురవ్వతోనే. నీవు వ్రాసినది సరియే.”

వాడు పుస్తకము తీసి, తన పుటలోని పదకొండు ఓటముల క్రింద మా గెలుపును వ్రాసెను. పిదప మా పేరులేని చార్మాండర్‌ను కొంతసేపు చూచెను. లావెండర్ పట్టణమున ప్రాణుల పేర్లు మార్చు పెద్దమనిషి యొకడు కలడనియు, అచ్చటికి చేరుటకు నెలదినములు పట్టుననియు చెప్పి, యంత్రమును సంచిలో పెట్టుకొనెను.