ఫేస్ ఎటువైపు?



గత నెల ఎనిమిదో తరగతి పిల్లలు ‘ప్రొపెల్లర్ భాగాలు’ అనే వర్క్‌షీట్ ఇంటికి తెచ్చారు. మీరు చూసి సంతకం కూడా పెట్టారు. అందులో ఒక తప్పు ఉంది. అది పిల్లలది కాదు, నాది.

బొమ్మ మామూలుదే. మధ్యలో ఇంజిన్ షాఫ్ట్‌కు బిగించే హబ్. దాని ముందు కోసుగా ఉండే మూత స్పిన్నర్. హబ్‌కి అమర్చిన రెక్కలు బ్లేడ్లు. రెక్క మొదలు రూట్, చివర టిప్. తిరిగేటప్పుడు గాలిని ముందుగా తాకే మందపాటి అంచు లీడింగ్ ఎడ్జ్, దాని వెనక పలుచటి అంచు ట్రైలింగ్ ఎడ్జ్. ఇంతవరకు అందరూ బాగానే రాశారు.

రెక్కకు ఒకవైపు వంపుగా, ఇంకోవైపు దాదాపు చదునుగా ఉంటుంది. విమానం ముందు నిలబడితే కనిపించేది వంపు వైపు. దాన్నే నేను బోర్డు మీద ‘బ్లేడ్ ఫేస్’ అని రాశాను. ముఖం ముందే కదా ఉండాలి! ఒక అబ్బాయి మాత్రం చదును వైపుకి ఆ పేరు పెట్టాడు. రెండు మార్కులు కొట్టేశాను.

“మేడమ్, పైలట్ వైపు ఉండేదే ఫేస్ అని లైబ్రరీ పుస్తకంలో ఉంది” అన్నాడు.

“బోర్డు మీద ఉన్నది రాసుకో” అన్నాను.

శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్లమ్మగారు వచ్చారు. “మీకు ఎదురు చెప్పాడటండీ, ఇంట్లో గట్టిగా మందలించాం, ఏమీ అనుకోకండి” అన్నారు. పక్కనే బాబు తల వంచుకుని షూ లేసులు చూసుకుంటున్నాడు. “ఫర్వాలేదండీ” అన్నాను, చాలా పెద్ద మనసున్నదానిలా.

ఆ రాత్రి ఎందుకో నిద్రపట్టక పుస్తకం తీశాను. వాడు చెప్పిందే రైటు. పైలట్‌కి కనిపించే చదును వైపు ఫేస్. ముందున్న వంపు వైపు పేరు బ్లేడ్ బ్యాక్. పిల్లల ప్రశ్నను గౌరవించాలని బీఈడీ పరీక్షలో నాలుగు పేజీలు రాసినదాన్ని నేను!

సోమవారం క్లాసులో అందరి ముందూ చెప్పాను. మార్కులు వేశాను. వాళ్లమ్మగారికి ఫోన్ చేస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “వాళ్ల నాన్నగారికి కూడా చెప్తానండీ” అన్నారు.

వారం రోజులు వాడు చెయ్యి ఎత్తలేదు. ఆ తర్వాత ఒకరోజు, “రెక్క మెలితిరిగి ఎందుకుంటుంది మేడమ్?” అన్నాడు. ఈసారి అందరం కలిసి లెక్క వేశాం. మన విమానాశ్రయాలకు వచ్చే ఏటీఆర్ 72-600లో ఒక్కో ప్రొపెల్లర్‌కి ఆరు రెక్కలు. ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగు మీటర్లకు కొంచెం తక్కువ. ఒక చుట్టులో, మధ్య నుంచి అర మీటరు దూరంలో ఉన్న చోటు సుమారు 3 మీటర్లు తిరిగితే, టిప్ 12 మీటర్లు తిరుగుతుంది. వేగంలో అంత తేడా ఉన్నప్పుడు రెక్క పొడవునా ఒకే వాలు పెడితే గాలిని అన్నిచోట్లా సరిగ్గా నెట్టలేదు. అందుకే రూట్ దగ్గర వాలు ఎక్కువ, టిప్ వైపు వెళ్లేకొద్దీ తక్కువ. ఆ వాలునే బ్లేడ్ యాంగిల్ అంటారు. మర మేకు చెక్కలోకి దిగినట్టు ప్రొపెల్లర్ ఒక చుట్టుకి ఎంత ముందుకు వెళ్లాలో ఆ దూరం పిచ్. గాలి చెక్కలా గట్టిగా ఉండదు కాబట్టి నిజంగా వెళ్లేది అంతకన్నా తక్కువే. ఆ తేడా పేరు స్లిప్.

సరిదిద్దిన వర్క్‌షీట్లు ఈ వారం ఇంటికి వస్తాయి. సంతకం పెట్టే ముందు హాల్లో ఫ్యాన్ ఆపి, రెక్కకు ఏ అంచున దుమ్ము ఎక్కువగా పేరుకుందో, ఎందుకో మీ పిల్లల్ని అడగండి.