కురవిలో బండ్ల పరీక్ష

ఇంగ్లీషువారికి 'కారు' అంటే మోటారొక్కటే కాదు. మన రథోత్సవాన్ని గురించి వ్రాసినప్పుడు దొరలు దాన్ని 'కార్ ఫెస్టివల్' అన్నారు. మంగళూరులో వేంకటరమణస్వామి రథం తిరిగే వీధికి నేటికీ 'కార్ స్ట్రీట్' అనే పేరు. పూరీ జగన్నాథుని తేరును చూచి బెదరి, 'జగ్గర్‌నాట్' అనే మాటను తమ భాషలో కలుపుకున్నదీ వాళ్ళే. ఇక మా జనగామ వైపు యీ చిక్కే లేదు. మోటారుసైకిలూ బండే, రైలూ బండే, కారూ బండే, యెడ్లు లాగేదీ బండే. అందుచేత "కార్ల ప్రదర్శన యెప్పుడైనా చూచారా?" అని యెవరైనా అడిగితే, "ఓ, కురవిలో చూచాను" అని ధైర్యంగా చెబుతాను.

జనగామలో రైలెక్కితే కాజీపేట, వరంగల్లు, నెక్కొండ, కేసముద్రం దాటి మహబూబాబాదు వస్తుంది. పాతవాళ్ళ నోట అది యింకా మానుకోటే. అక్కడినుంచి కురవికి బస్సు. 2016 అక్టోబరుకు ముందు యిదంతా వొకే వరంగల్లు జిల్లా. ఇప్పుడు వొక జిల్లాలో బయలుదేరి మరో జిల్లాలో దిగుతున్నాం. తెలుగు యం.ఏ. చదివినవారికి కురవి కొత్త వూరు కాదు. క్రీ.శ. 10వ శతాబ్దినాటి కొరవి శాసనం తెలుగు వచనానికి తొలి ఆనవాళ్ళలో వొకటి. కాని శివరాత్రి జాతరకు నేను సకుటుంబంగా వెళ్ళింది శాసనం కోసం కాదు. వీరభద్రస్వామి గుడిచుట్టూ ప్రభబండ్లు తిరిగే వేడుక కోసం.

ప్రభబండి చూడనివారికి రెండు మాటలు. బండిమీద వెదురుకర్రలతో గోపురంలాగా యెత్తుగా కడతారు. దానికి రంగురంగుల బట్టలు చుడతారు. కాగితం పూలు, మామిడాకులు, గంటలు, నేటి కాలానికి తగినట్టు విద్యుద్దీపాలు సరేసరి. యెడ్ల కొమ్ములకు రంగులు, మెడకు మువ్వలపట్టెడలు. డప్పులు ముందు నడుస్తుంటే, పెళ్ళికొడుకులా ప్రభ వూగుతూ వస్తుంది. వెనుక యింటిల్లిపాదీ. వొకచోట రెండు మేకపోతులు కట్టిన బుల్లిబండిని పదేళ్ళ పిల్లవాడు తోలుకొస్తుంటే, మా శ్రీమతి పెద్ద ప్రభలన్నిటినీ మరచి దానివెంటనే నడిచింది.

నేను ఇరవై యేళ్ళుగా జవాబుపత్రాలు దిద్దుతున్నవాణ్ణి. దేన్ని చూచినా మార్కులు వేయబుద్ధవుతుంది. అలంకారానికి పాతిక, బండి పనితనానికి పాతిక, యెడ్లకు పాతిక, చూడవచ్చినవారి క్షేమానికి పాతిక, వెరసి నూరు. ఇదీ నా ప్రశ్నపత్రం.

అలంకారానికి ఇరవైరెండు వేశాను. ఆ మూడూ తగ్గించింది దేవుడి పటంకంటె పెద్దవైన మనుషుల పటాలకు. యెడ్లకు ఇరవై. కడుపునిండా తిన్న యెడ్లని చూడగానే తెలుస్తుంది. చర్నాకోల చప్పుడు విన్న చోట మాత్రం చేయి బిగబట్టాను. క్షేమానికి పదమూడే. తప్పు వొక్కరిదని కాదు. చక్రానికి జానెడు దూరాన పిల్లలు పరుగెడుతుంటే, మైకుల హోరుకు యెడ్లు బెదురుతుంటే, యింతకంటె వేయడానికి మనసొప్పలేదు.

పనితనం దగ్గరే నా కలం ఆగింది. వచ్చినవాటిలో చాలావాటికి రబ్బరు టైర్లు. కొన్ని ప్రభలు ట్రాక్టర్లమీదే వచ్చాయి. కొయ్య చక్రాల బండ్లు తక్కువ. వాటిలో వొకదాని పక్కన నిలబడి లెక్కపెట్టాను. ఆకులు పన్నెండు, అంచున పూటీలు ఆరు, పూటీకి రెండాకులు. వడ్లాయన యింతవరకు చేస్తే, తరువాత పని కమ్మరిది. ఇనుప పట్టాను చక్రంకంటె వొకింత బిగువుగా చేసి, నిప్పుల్లో యెర్రగా కాలుస్తాడు. కాలితే ఇనుము సాగుతుంది. ఆ వేడిమీదనే చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే, చల్లబడి ముడుచుకొని కొయ్యముక్కలన్నిటినీ పిడికిట్లో పట్టినట్టు బిగించేస్తుంది. భౌతికశాస్త్రంలో మా అబ్బాయి చదువుకున్న వ్యాకోచ సంకోచాల పాఠం అక్కడ చక్రమై తిరుగుతున్నది. ఆ బండికి ఇరవైనాలుగు వేశాను. టైర్ల బండ్లతో కలిపి సగటు కడితే మాత్రం పదహారు దాటలేదు.

ఆ బండి ఆసామి మరిపెడ వైపు నుంచి వచ్చిన పెద్దాయన. నేను ఆకులు లెక్కపెట్టడం చూచి నవ్వి, తానే మాట కలిపాడు.

"మా తాత మొక్కిన మొక్కు సారూ యిది. పసులకు పెద్దరోగం వచ్చి వూళ్ళె కొట్టాలకు కొట్టాలు ఖాళీ అయితుంటె, మా యెడ్లు నిలిస్తె యేటేటా బండి తిప్పుతనని మొక్కిండు. నిలిచినయి. గప్పటిసంది తిప్పుతున్నం."

పక్కనే వున్న కొడుకు అందుకున్నాడు. "వచ్చే యేడు ట్రాక్టరు మీద ప్రభ కడదామంటె నాయిన వినడు సార్. దున్నుడు ట్రాక్టరే, కోసుడు మిషనే. మిషను కోసినంక గడ్డి పొలంలనే నలిగిపోతది. రెండొద్దుల జాతరకు పన్నెండు నెలలు మేత యాడికెల్లి తేవాలె? మొక్కు దేవునికిగని యెడ్లకు కాదు గద!"

"యెడ్లు బతికినందుకు మొక్కిన మొక్కుర అది!" అన్నాడు పెద్దాయన. "యెడ్లనమ్మి ట్రాక్టరు తిప్పితె, తాతకేం జెప్పాలె?"

ఇద్దరూ నావైపు చూచారు. పంతులుగారు కదా, తీర్పు చెబుతారనుకున్నారు కాబోలు.

కొడుకు మాటను కొట్టిపారేయలేం. యంత్రాన్ని మనవాళ్ళు యెన్నడూ పరాయిదనుకోలేదు. భూపాలపల్లి బొగ్గుగనుల సీమలో దసరానాడు లారీకి దండవేసి గుమ్మడికాయ కొట్టే డ్రైవరు భక్తి, యెద్దు కొమ్ముకు పసుపు రాసే రైతు భక్తికి తీసిపోదు. మేడారం జాతరకు వొకప్పుడు యెడ్లబండ్లే బారులు తీరేవి. ఇప్పుడు బస్సులూ కార్లూ బారులు తీరుతున్నాయి. అమ్మవార్లు యెవరినీ వెనక్కి పంపలేదు.

పెద్దాయన పక్షాన కూడా సాక్ష్యం వున్నది. అమెరికాలో పెబుల్ బీచ్ అనే చోట 1950లో మొదలైన పాతకార్ల పోటీ లోకప్రసిద్ధం. కారు పుట్టినప్పుడు యెట్లా వుండేదో అట్లాగే వున్నదా, భాగాలు అసలువేనా అని అక్కడి పరీక్షకులు గుచ్చి గుచ్చి చూస్తారు. ఇంగ్లండులో యేటా లండన్ నుంచి బ్రైటన్‌కు సాగే పాతకార్ల యాత్రలో 1905కు ముందు తయారైనవాటికే చోటు. వాళ్ళు నూరేళ్ళనాటి ఇనుముకు అంత విలువ కడుతుంటే, మన కొయ్యచక్రానికి మనం కట్టవద్దా? అయితే వొక్క తేడా. వాళ్ళ కారుమీద దుప్పటి కప్పి యేడాదంతా షెడ్డులో వుంచవచ్చు. యెద్దు రేపు ప్రొద్దుటే మేత అడుగుతుంది.

ఆ పెద్దరోగాన్ని పశువైద్యులు రిండర్‌పెస్ట్ అంటారు. 2011లో అది భూమిమీద యెక్కడా లేదని ప్రకటించారు. రోగం పోయింది. రోగానికి దక్కిన యెడ్లు ట్రాక్టరుకు దక్కడంలేదు.

అందుకని తండ్రికొడుకులతో నేనన్నది యిది. మొక్కు మీది, అందులో వేలుపెట్టే అధికారం నాకు లేదు. కాని పరీక్షకుడిగా అడిగితే, ట్రాక్టరుప్రభ అలంకారంలో యెన్ని మార్కులైనా తెచ్చుకోవచ్చు. పనితనం, యెడ్లు అనే రెండు ప్రశ్నలను అది వదిలేసినట్టే లెక్క. నూటికి యాభైలో పరీక్ష వ్రాయాలి.

కొడుకు నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. "నేనున్నన్ని దినాలు యెడ్లే. వెనుక వాని యిష్టం" అని కాడి సరిచేసుకున్నాడు.

మొత్తం మీద కురవికి నూటికి డెబ్భైయొకటి, మొదటి తరగతి. ప్రభ కట్టిన యింటివారికి పేరు వస్తుంది, డప్పుకొట్టినవారికి బహుమానం వస్తుంది. చక్రం చేసిన వడ్లాయన, పట్టా వేసిన కమ్మరి యెవరో యే బండిమీదా వ్రాసి లేదు. బండి నొగకు వాళ్ళ పేర్లు వ్రాయించడానికి డబ్బా రంగు చాలు. కొయ్యచక్రాల బండ్లకు ముందు వరుస యిచ్చి, యెడ్లు పోషించేవారికి జాతరపేర నాలుగు మోపుల గడ్డి అందించినా మార్కులు యింకా పెరుగుతాయి.

వచ్చే శివరాత్రికి వీలున్నవారు పిల్లలతో వెళ్ళి చూడండి. చక్రాలకు దూరంగా, పిల్లల చేయి వదలకుండా నిలబడండి. ఇనుప పట్టా చప్పుడు చేస్తూ కొయ్యచక్రాల బండి వస్తే, పిల్లలచేత ఆకులు లెక్కపెట్టించండి.