ఆపితే ఏమైతాదప్పా?

కర్నూలైనా కడపైనా ఎంటికలు ఊడే మాటొస్తే మొదట తిట్లు తినేది బోరు నీళ్లే. ఉప్పునీళ్లకు ఎంటిక గరుకెక్కుతాది, తెగుతాది కూడా. కానీ నుదురు పైకి జరిగి నడినెత్తి బయటపడేది నీళ్ల వల్ల కాదు. మగోళ్లలో అది నాయన వైపు నుంచో, మేనమామల వైపు నుంచో వచ్చిన ఆస్తి. దానికి తోడు డీహెచ్‌టీ అనే హార్మోను. దానికి లొంగిన కుదుళ్లు ఏటికేడు చిక్కిపోతాయి. తిరుమల దగ్గరే గదా, గుండు కొట్టించుకుంటే ఒత్తుగా వస్తాదని ఇంకొందరి నమ్మకం. మొక్కు తీరుతాది, అంతే. కత్తి తిరిగేది పైన, కథంతా చర్మం లోపల.

ఇంక మందుల షాపులో అమ్మే మినాక్సిడిల్ సంగతి. ఇది పుట్టింది నెత్తి కోసం కాదు, బీపీ కోసం. 1979లో అమెరికాలో మాత్రగా వచ్చింది. మింగినోళ్లకు మొగం మీద, చేతుల మీద ఎంటికలు మొలిచేసరికి కంపెనీకి కొత్త బేరం తట్టింది. 1988లో అదే మందు 2 శాతం ద్రావణమై బట్టతలకు అనుమతి తెచ్చుకుంది.

అందరూ అడిగేది, ఎన్నేండ్లు పనిచేస్తాదని. 1990లో అచ్చయిన ఒక అమెరికా పరిశీలనలో ఈ మందు రాసుకునే 31 మంది మగోళ్లను ఐదేండ్ల దాకా చూసినారు. ఏడాదికి పెరుగుదల ఎక్కువలో ఎక్కువకు చేరి, ఆ మీద మెల్లగా దిగింది. అయినా ఐదో ఏడు కూడా ఎంటికలు మొదలుపెట్టిన నాటికంటే ఎక్కువే ఉన్నాయి. నన్నడిగితే ఇది చిన్న గెలుపేం కాదు. మందు రాయనోడికి ఆ ఐదేండ్లలో ఉన్నవి కూడా పోతాయి గదా. అద్దంలో ఏం మారలేదని మీరు విసుక్కుంటారే, ఒక్కోసారి మందు పనిచేస్తున్నట్టే లెక్క.

ఐతే ఇది పులివెందుల చీనీతోటకు పెట్టిన డ్రిప్పు మాదిరి. నీళ్లు పడినన్నాళ్లే పచ్చదనం, నేలలో కరువు ఎక్కడికీ పోదు. మందు ఆపితే నాలుగైదు నెలల్లో దాని పుణ్యాన వచ్చినవన్నీ రాలిపోతాయి. కొనేముందే అనుకోండి, ఏండ్ల తరబడి రోజూ రాసే ఓపిక, ఖర్చు పెట్టుకునే తాహతు ఉన్నాయా అని.

మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఊడేది ఎక్కువైతాది. పాతవి జాగా ఖాళీ చేసేది అది. చానామంది బెదిరి అక్కడే సీసా మూలన పడేస్తారు. నాలుగు నెలలన్నా చూడాల. కొందరికి మాత్రం ఏడాది రాసినా ఫలితముండదు, నెత్తి చర్మంలో ఈ మందును పనికొచ్చే రూపానికి మార్చే ఎంజైము తక్కువ కాబట్టి. వాళ్లు డబ్బు మిగుల్చుకునేదే మేలు. మన ఎండాకాలంలో ఇంకో తంటా ఉంది: చెమట నెత్తి మీద రాస్తే మందు కారిపోయి కండ్లల్లోకొస్తాది. ఆరిన నెత్తికి రాసి, నాలుగు గంటలు తడపొద్దు.

గుండె జబ్బున్నోళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడక్కుండా ముట్టుకోవద్దు. కర్నూలు పెద్దాసుపత్రిలో చర్మం డాక్టర్లుండారు, చూపించుకోండి. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త సామీ: మీ దిండుకంటిన ఈ మందును కొద్దిగా నాకినా దాని ప్రాణం పోవచ్చు.