చూడకుండా చెప్పిన తీర్పు

బెంగళూరులో నలుగురు సినిమా ప్రేమికులు ఎక్కడ కలిసినా మాటలు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. "మీ ఫేవరెట్ డైరెక్టర్ ఎవరు?" ఈ ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉండేది. తార్కోవ్‌స్కీ, ఓజు, బ్రెసాన్, కియారోస్తామీ. మా గుంపులో బెంగాలీ మిత్రుడు ఘటక్ గురించి మొదలుపెడితే ఆపేవాడు కాదు. మలయాళీ మిత్రుడికి అరవిందన్ తర్వాతే ఎవరైనా. కన్నడిగులు కాసరవళ్ళి పేరు ఇంట్లో పెద్దాయన పేరు చెప్పినట్టు చెప్పేవారు. నా వంతు వచ్చేసరికి నేను జపాన్‌కో ఇరాన్‌కో వెళ్లిపోయేవాణ్ని. "మరి తెలుగులో?" అని ఎవరైనా అడిగితే, "మాకు కమర్షియల్ సినిమా తప్ప ఏమీ లేదండీ" అనేవాణ్ని. అలా అనడంలో నాకు బాధేమీ ఉండేది కాదు. మిగతా తెలుగువాళ్లలాంటి వాణ్ని కాదని చెప్పుకున్నట్టు, లోలోపల ఒక తృప్తి ఉండేది.

ఆ మాట నాతోనే ఆగిపోయి ఉంటే దాన్ని ఈ రోజు రాయాల్సిన పని ఉండేది కాదు. అది ఇంకొకరికి తగిలింది.

మదనపల్లె వైపు నుంచి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక కుర్రాడు మా గుంపు శనివారం సాయంత్రం సినిమా కబుర్లకు రావడం మొదలుపెట్టాడు. రూములో లాప్‌టాప్ మీద 'పథేర్ పాంచాలీ' చూసి, ఆ రాత్రి నిద్రపట్టలేదని చెప్పాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒకరోజు మెట్లు దిగుతుండగా, "అన్నా, మన పల్లెల్ని ఇట్లా చూపించిన సినిమాలు తెలుగులో ఏమున్నాయి? పేర్లు చెప్పండి, చూస్తాను" అని అడిగాడు. "లేవు తమ్ముడూ, వెతికి టైం వేస్టు చేసుకోకు" అన్నాను. తలూపాడు. తర్వాత కొన్నాళ్లకు రావడం తగ్గించాడు. ఇంకొన్నాళ్లకు మానేశాడు. ఆఫీసు పని ఎక్కువైందేమో అనుకుని నేను పట్టించుకోలేదు.

అప్పటికి నేను 'దాసి' చూడలేదు. 'మా భూమి' చూడలేదు. 'ఒక ఊరి కథ' చూడలేదు. ఉన్నాయని ఎక్కడో చదివాను గానీ చూడాలనిపించలేదు. చూడని సినిమాల మీద తీర్పు చెప్పాను, అదీ నా మాట నమ్మే మనిషికి. తప్పు అదే.

ఆ తప్పు నాకు తెలిసొచ్చిన దారి కన్నడ సినిమాలోంచి పోయింది. ఈ ఊళ్లో ఫిల్మ్ సొసైటీల సంప్రదాయం పాతది. బనశంకరిలోని సుచిత్ర ఫిల్మ్ సొసైటీ 1971లో పుట్టింది. ఇక్కడి స్క్రీనింగులకు వస్తే తెల్లజుట్టు పెద్దవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. యాభై ఏళ్లుగా సినిమా చూసి, మాట్లాడుకుని ఇంటికి వెళ్లే అలవాటున్న మనుషులు. అలాంటి రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఒకాయన, ఒక సాయంత్రం 'ఘటశ్రాద్ధ' ముగిశాక నా పక్కన నిలబడ్డారు. 1977లో గిరీశ్ కాసరవళ్ళి తీసిన మొదటి సినిమా అది. ఆ ఏడాది జాతీయ ఉత్తమ చిత్రం. కాఫీ తాగుతూ నేను అందుకున్నాను. నిగ్రహం అన్నాను, బ్రెసాన్ అన్నాను, బ్లాక్ అండ్ వైట్ సౌందర్యం అన్నాను. ఆయన చివరిదాకా ఓపిగ్గా విని, "అదు సరి. నీవు ఏను నోడిద్రి?" అన్నారు. అది సరే, మీరేం చూశారు?

నాకు ప్రశ్న అర్థం కాలేదని గ్రహించి ఆయనే విడమరిచారు. చివర్లో యమున తల గొరిగించుకుని చెట్టు కింద కూర్చుని ఉంటుంది కదా, ఆమెను మనం ఎవరి కళ్లతో చూశాం? సినిమా అంతా ఎవరి ఎత్తు నుంచి చూశాం? నేను తడబడ్డాను. సినిమా చూస్తున్నంతసేపూ ఎవరితో పోల్చాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను, అందుకే ఆ సంగతి నా కంటికి ఆనలేదు.

మళ్లీ చూశాను. వేదపాఠశాలలో చదువుకోవడానికి వచ్చిన నాని అనే చిన్న పిల్లాడు. గురువుగారి కూతురు యమున, చిన్నప్పుడే విధవ అయిన మనిషి. ఆమె గర్భం దాల్చిందని అగ్రహారం గుసగుసలాడుతుంటే ఆ గుసగుసల అర్థం నానికి తెలియదు. తెలిసిందల్లా తనకు అన్నం పెట్టి, భయమేసినప్పుడు దగ్గరకు తీసుకున్న మనిషి బాధపడుతోందని. బతికున్న కూతురికి తండ్రే శ్రాద్ధం పెట్టి వెలివేస్తాడు. నానిని ఇంటికి తీసుకుపోతున్నప్పుడు వాడికి ఆమె కనిపిస్తుంది. ధర్మాధర్మాల లెక్క తెలియని పిల్లాడి చూపు ముందు ఆ లెక్కలన్నీ ఎంత క్రూరమైనవో తెలిసిపోతుంది. దర్శకుడు ఎక్కడా తీర్పు చెప్పడు. ఆ అవసరం లేకుండా కెమెరాను పిల్లాడి పక్కన నిలబెట్టాడు. ఇది నాకు ఏ వ్యాసంలోనూ దొరకలేదు, తెర మీదే దొరికింది.

ఆ పెద్దాయనే ఇంకో రోజు మాటల్లో, "మా కొత్త సినిమాకు తలుపు తెరిచింది మీ నెల్లూరాయనే కదా" అన్నారు. నాకు తెలియదు. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన పఠాభి తెలుసు. 1939లో తెలుగు కవిత్వాన్ని కుదిపిన పుస్తకం అని కాలేజీలో చదువుకున్నాం. ఆ పఠాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామరెడ్డి, మద్రాసులో తెలుగు సినిమాల నిర్మాణంలో పనిచేసి, ఆ తర్వాత కన్నడంలో 'సంస్కార' తీశారన్న సంగతి మాత్రం నా బుర్రలో ఎక్కడా లేదు. యు.ఆర్. అనంతమూర్తి నవల. స్క్రీన్‌ప్లే గిరీశ్ కర్నాడ్, ప్రాణేశాచార్యుల పాత్ర కూడా ఆయనదే. నారణప్పగా పి. లంకేశ్, చంద్రిగా పఠాభి భార్య స్నేహలతారెడ్డి. కెమెరా పట్టింది టామ్ కోవన్ అనే ఆస్ట్రేలియన్. మద్రాసు సెన్సార్ బోర్డు ఆ సినిమాను ఆపేసింది. పోరాడి బయటికి తెచ్చుకున్నాక, 1970 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రం అయింది. కన్నడానికి ఆ గౌరవం అదే మొదటిసారి. ఎమర్జెన్సీలో స్నేహలతను ఈ బెంగళూరు జైల్లోనే పెట్టారు. ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్నాక వదిలారు, 1977 జనవరిలో ఆమె చనిపోయారు.

నేను ఉద్యోగం చేసుకుంటూ, తెలుగువాళ్లకు ఏమీ లేదని చెప్పుకుంటూ తిరిగిన ఊరు ఇది. ఆ రాత్రి నాకు నిజంగా సిగ్గేసింది.

తర్వాత వెతకడం మొదలుపెట్టాను. 'ఒక ఊరి కథ' మసక కాపీలో చూశాను. ప్రేమ్‌చంద్ కథ 'కఫన్'ను బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో తెలంగాణ పల్లెకు తెచ్చి తెలుగులో తీశారు. వెంకయ్యగా కన్నడ నటుడు ఎం.వి. వాసుదేవరావు. 'చోమన దుడి'తో జాతీయ ఉత్తమ నటుడైన ఆయనే. వెంకయ్య పని చెయ్యడు. కష్టపడితే ఆసామి బొజ్జ నిండుతుంది తప్ప మనది కాదు, కాబట్టి పని చేసేవాడు వెర్రివాడు అన్నది అతని లెక్క. ఆ లెక్కకు కోడలు నీలమ్మ బలైపోతుంది. అతన్ని అసహ్యించుకోవాలో, అతని కోపాన్ని అర్థం చేసుకోవాలో తేల్చుకోలేక కూర్చుండిపోయాను. 1979 నాటి 'మా భూమి' చూశాను. కిషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన మొదటి కథాచిత్రం, నిర్మాత బి. నరసింగరావు. గద్దర్ తెర మీదకు వచ్చి పాడిన పాట దగ్గర ఒళ్లు జలదరించింది. అదే నరసింగరావు దర్శకత్వంలో 1988లో వచ్చిన 'దాసి' చూశాను. దొర గడీలో దాసి కమలాక్షిగా అర్చన. ఆ ఇంట్లో మాటలు తక్కువ, పని ఎక్కువ. మాట్లాడే హక్కు లేని మనిషి జీవితం గనక సినిమా కూడా నోరు మెదపదు. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్‌కూ కళాదర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠానికీ అవార్డులు వచ్చాయి. ఓజు నిశ్శబ్దం గురించి గంటలు మాట్లాడిన నేను, నా భాషలోని ఈ నిశ్శబ్దాన్ని విననే లేదు.

ఎందుకిలా జరిగిందో ఆలోచించాను. బద్ధకం ఒక కారణం. అంతకంటే పెద్దది, నేను సినిమాల కోసం కాక పేర్ల కోసం వెతకడం. బెంగాలీకి రే ఉన్నాడు, మలయాళానికి ఆదూర్ ఉన్నారు, తెలుగులో అలా వేలెత్తి చూపించే ఒక్క పెద్ద పేరు కనిపించలేదు గనక ఏమీ లేదని తేల్చేశాను. నిజానికి మన సినిమా చెల్లాచెదురుగా ఉంది. నెల్లూరు కవి కన్నడంలో తీశాడు. కలకత్తా దర్శకులు తెలంగాణ మట్టి మీద తీశారు. అల్వాల్‌లో పెరిగిన శ్యామ్ బెనెగల్ అదే మట్టి మనుషుల కథను 'అంకుర్'గా హిందీలో తీసి, 1978లో 'అనుగ్రహం' తెలుగులో తీశారు. భాషల గీతలు గీసుకుని, ఒక్కో గీత లోపల ఒక్కో మహానుభావుణ్ని వెతికేవాడికి ఇవేవీ కనపడవు. ఒక్కో సినిమా దగ్గర కూర్చుంటే కనపడతాయి.

ఆ కుర్రాడి నంబరు ఫోన్‌లో ఉంది. చేయడానికి చాలా రోజులు జంకాను. చివరికి చేశాను. అప్పటికి పుణెకు మారిపోయాడు. "తమ్ముడూ, ఆ రోజు నేను చెప్పింది తప్పు. నేను చూడకుండానే చెప్పాను" అని, చూసిన సినిమాల పేర్లు పంపాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీరు లేవన్నాక నేను వెతకడం మానేశానన్నా. మీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు, ఉన్నమాట చెప్పాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. కొన్ని వారాలకు మళ్లీ తనే ఫోన్ చేశాడు. "వెంకయ్య లాంటి మనిషి మా ఊళ్లో ఉన్నాడన్నా. అందరూ సోంబేరి అంటారు, నేనూ అన్నాను. ఎందుకు పని చెయ్యడో ఒక్కసారి కూడా అడగలేదు" అన్నాడు. మృణాల్ సేన్ గురించి నేను చదివిన వ్యాసాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఇలాంటి మాటలు చెప్పగలిగిన మనిషిని మా గుంపు ఇన్నాళ్లు పోగొట్టుకుంది. కారణం నేను.

ఇప్పుడు మా గుంపులో పద్ధతి మార్చుకున్నాం. సినిమా అయ్యాక మొదట ప్రతి ఒక్కరూ తమకు గుర్తున్న ఒక్క దృశ్యం చెప్పాలి. ఏముంది, ఎక్కడి నుంచి చూశాం, ఏం వినిపించింది. దర్శకుల పేర్లు, పోలికలు ఆ తర్వాతే. చూడకపోతే చూడలేదని చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్లు ముందు మాట్లాడాలి, ఎక్కువ చూసినవాళ్లు చివర మాట్లాడాలి. ఇలా మొదలుపెట్టాక చర్చలు పొడుగయ్యాయి, గొడవలు కూడా పెరిగాయి, కానీ అవి సినిమా గురించిన గొడవలు. మొదటిసారి వచ్చిన ఒకమ్మాయి 'శంకరాభరణం' గురించి చెప్పింది. ఒకప్పుడైతే పెదవి విరిచేవాణ్ని. ఆమె చెప్పిన దృశ్యం విన్నాక ఇంటికెళ్లి మళ్లీ చూశాను.

తార్కోవ్‌స్కీ మీద నా ప్రేమ తగ్గలేదు, కియారోస్తామీని ఇప్పటికీ ఏడాదికోసారి చూసుకుంటాను. దూరదేశపు దర్శకులను ప్రేమించడంలో తప్పేమీ లేదు. ఆ ప్రేమను ఇంకొకరి ముందు తలుపుగా వేసేయడం తప్పు. సినిమా బాగా తెలిసినవాళ్లని నలుగురూ అనుకునే మనలాంటి వాళ్లు "లేదు" అనే మాటను చాలా జాగ్రత్తగా వాడాలి. మనం లేదన్నచోట ఇంకొకడు వెతకడం ఆపేస్తాడు. తెలియనప్పుడు "నాకు తెలియదు, కలిసి వెతుకుదాం" అంటే చాలు. ఆ రోజు మెట్ల మీద నేను ఆ ఒక్క మాట అని ఉంటే, 'దాసి'ని ఇద్దరం కలిసి చూసి ఉండేవాళ్లం.