ఫ్యాన్ తిరిగితే చాలదు

"ఫ్యాన్ తిరుగుతోంది, లైట్ వెలుగుతోంది, డిస్‌ప్లే మాత్రం రావట్లేదు. మానిటర్ పోయిందంటావా?"

విజయవాడలో పాత కంప్యూటర్లు బాగుచేస్తూ బతికే నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. మానిటర్ పోవడం అరుదు. తెర మీద 'నో సిగ్నల్' అని కనిపించిందంటే అది బతికే ఉంది, అవతలి నుంచే ఏమీ అందడం లేదు. మీట నొక్కాక మొదటి అక్షరం పడేలోపు ఆ డబ్బాలో పెద్ద తతంగమే నడుస్తుంది. కరెంటు నిలకడగా ఉందని ఎస్‌ఎంపీఎస్ బోర్డుకి కబురు పంపాలి, ప్రాసెసర్ లేచి బయోస్ చదవాలి, ర్యామ్ ఉందో లేదో చూసుకోవాలి. గ్రాఫిక్స్ వంతు ఆ తర్వాత. ఎక్కడ ఆగినా బయటికి కనిపించేది నల్ల తెర ఒక్కటే. ఫ్యాన్‌కి కావలసింది 12 వోల్టులు. అది తిరిగినంత మాత్రాన మిగతావన్నీ బాగున్నాయని కాదు.

అంత పాత సిస్టమ్ పారేసి కొత్తది కొనుక్కోవచ్చుగా అని కుర్రాళ్లు అడుగుతారు. మా ఊళ్లో ప్రెస్సుల వాళ్లనీ డీటీపీ సెంటర్ల వాళ్లనీ అడిగి చూడాలి. ఎక్స్‌పీ మీద పేజ్‌మేకర్, అందులో అను ఫాంట్లు, ఏళ్ల తరబడి కట్టిన శుభలేఖలు, కరపత్రాలు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. ఫైలు కొత్త మెషీన్‌లో తెరిస్తే పెళ్లికూతురి పేరు ఏమవుతుందో చెప్పలేం. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే స్వస్తి చెప్పింది గానీ ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చెప్పలేదు.

నా పద్ధతిలో పైసా ఖర్చులేనివి ముందు. ఇల్లు దులిపిన మర్నాడు ఫోన్ వస్తే మొదట అడిగేది, మానిటర్ వైరు ఎక్కడ పెట్టారని. విడిగా గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్‌లో నీలం పిన్ను తీసుకెళ్లి బోర్డు మీది సాకెట్‌లో పెడితే చాలాసార్లు ఏమీ రాదు. తర్వాత ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, మిగిలిన కరెంటు దిగిపోయాక ర్యామ్ బయటికి తీస్తాను. మా కోస్తా తేమకి దాని బంగారు పూత పళ్ల మీద మసకపొర పడుతుంది. పెన్సిల్ రబ్బరుతో మెత్తగా రుద్ది, పొట్టు దులిపి, ఇంకో స్లాట్‌లో గుచ్చితే బోలెడు సిస్టమ్‌లు లేచి కూర్చుంటాయి. ఉప్పుకాగితం మాత్రం వాడకూడదు, పూతే పోతుంది. "రబ్బరుతో రుద్దినందుకు ఇంతా?" అని మొహం చిట్లించేవాళ్లతో వాదించను. పాడైంది ప్రాసెసర్ కాదు, బోర్డు కాదు అని తేల్చినందుకు ఆ డబ్బు. రబ్బరు వాళ్లే ఉంచుకోవచ్చు.

రబ్బరుతో పని కాకపోతే ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేస్తాను. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. ఇప్పటి క్యాబినెట్లలో చాలావాటికి బీప్ స్పీకర్ ఉండదు, అందుకని బఠాణీ గింజంత స్పీకర్ జేబులో వేసుకుని తిరుగుతాను. ర్యామ్ లేని బోర్డు ఆగి ఆగి కూత పెడితే శుభవార్తే. ప్రాసెసర్, బయోస్, కరెంటు దారి చాలావరకు బతికే ఉన్నట్టు. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి కూతలు వస్తే గ్రాఫిక్స్ వైపు చూడాలి. అసలు నోరు మెదపకపోతేనే నాకు గుబులు.

ఒక మాఘమాసం ముహూర్తాల్లో శుభలేఖలు వేసే ప్రెస్సులో అదే జరిగింది. జీ31 బోర్డు, ర్యామ్ తీసినా కూత లేదు. అప్పటికే ఎవరో చూసి "మదర్‌బోర్డు పోయింది" అని చెప్పి వెళ్లారట. మా వృత్తిలో ఈ మాట మరీ చవకైపోయింది.

"తమ్ముడూ, ఫైళ్లన్నీ పోయినట్టేనా?" అన్నాడు ఓనరు.

"హార్డ్ డిస్క్ వేరు, బోర్డు వేరు బాబాయ్. ముందు చెప్పు, ఇది ఉన్నట్టుండి ఆగిందా?"

"లేదు. పొద్దున్నే రెండు మూడుసార్లు ఆన్ చేస్తేగానీ వచ్చేది కాదు. వచ్చాక సాయంత్రం దాకా బ్రహ్మాండంగా నడిచేది."

నాకు కావలసిన కబురు అందులోనే ఉంది. ప్రాసెసర్ పక్కన కెపాసిటర్లు వరసగా నిలబడి ఉంటాయి. నాలుగు పిన్నుల వైరు తెచ్చే 12 వోల్టులు ప్రాసెసర్‌కి అందేసరికి ఒక వోల్టు పైచిలుకు అవుతాయి. ఆ కరెంటు ఒడుదుడుకులు లేకుండా చూడటం వీటి పని. లోపలి ద్రవం ఎండేకొద్దీ నిరోధం పెరుగుతుంది, చలిలో ఇంకా పెరుగుతుంది. అందుకే మాఘమాసపు పొద్దుట మొరాయింపు. 2000ల మొదట్లో నాసిరకం కెపాసిటర్లు ప్రపంచమంతా బోర్డుల్ని బలి తీసుకున్నాయి. ఆ తర్వాతి చవక బోర్డుల్లోనూ వేడికి ఇవే ముందు పోతాయి. బల్లపరుపుగా ఉండాల్సిన తలలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకదాని గాటులోంచి గోధుమరంగు చార కూడా.

ఎస్‌ఎంపీఎస్ వోల్టేజీలు మీటరుతో చూశాను, సరిగ్గానే ఉన్నాయి. నా సంచిలో తల ఆరబెట్టుకునే డ్రయ్యర్ ఒకటి ఉంటుంది. దాన్ని బయటికి తీస్తే ప్రెస్సులో కుర్రాళ్లు నవ్వారు. ర్యామ్ తిరిగి పెట్టి, ఆ వరసకి కాసేపు వేడిగాలి పట్టించి బటన్ నొక్కితే డిస్‌ప్లే వచ్చేసింది. అనుమానం తీరింది. ఇది పరీక్షే, వైద్యం కాదు.

బోర్డు షాపుకి తెచ్చి, 6.3 వోల్టుల 1500 మైక్రోఫారడ్లవి, 105 డిగ్రీలు తట్టుకునేవి వేశాను. నిరోధం తక్కువుండే రకమే కావాలి. రేడియోలోంచి పీకిన మామూలువి పెడితే మళ్లీ మొదటికే. ఇందులో కష్టమంతా నెగటివ్ కాలు ఊడదీయడంలోనే. అది వెడల్పాటి రాగి పొరకి అంటుకుని ఉంటుంది, ఐరన్ వేడినంతా ఆ పొర లాగేసుకుంటుంది. ఓపిక లేక కాలు గుంజితే రంధ్రం పూత ఊడొస్తుంది, అప్పుడు బోర్డు నిజంగానే పోతుంది.

సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చాను. మారిస్తే బయోస్ పాత అమరికలు మరిచిపోవచ్చు. కొన్ని హెచ్61 బోర్డుల్లో డిస్క్ అమరిక ఏహెచ్‌సీఐకి మారిపోయి, ఎక్స్‌పీ నీలం తెర చూపించి చతికిలబడుతుంది. దాన్ని తిరిగి ఐడీఈకి పెడితే సరిపోతుంది. విండోస్ మళ్లీ వేయాలని చెప్పి డిస్క్ తుడిచేసేవాళ్లున్నారు, జాగ్రత్త. ఈ జీ31కి ఆ బెడద లేదు. తేదీ సరిచేస్తే చాలు.

"ఇంకెన్నాళ్లు వస్తుందిది?" అన్నాడు బాబాయ్, ప్రెస్సులో బోర్డు బిగించి ఆన్ చేశాక.

"ఈ కెపాసిటర్లకి ఢోకా లేదు. డిస్క్ సంగతే చెప్పలేను. ముందు ఫైళ్లు, ఫాంట్లు ఇంకో డిస్క్‌లోకి ఎక్కిద్దాం."

"సాయంత్రం చూద్దాంలే" అంటూ ఆయన అప్పటికే పేజ్‌మేకర్ తెరిచాడు. నేను కదల్లేదు. నా పెన్ డ్రైవ్ పెట్టి, కాపీ అయ్యేదాకా ప్రింటర్ వైరు నా చేతిలోనే ఉంచుకున్నాను.