సోలస్ మెచ్చలేదు

పోయిన సంక్రాంతికి ముందు వచ్చిన ఆదివారం మా ఇంట్లో పెద్ద తగాదా జరిగింది. ఆస్తి తగాదా కాదు, పెళ్లిసంబంధం తగాదా కాదు. లోకంలో ఎక్కడా పుట్టని ఒక గుండువాడు మంచివాడా, చెడ్డవాడా అన్నది వాదం. వాదులు ఇద్దరు. ఒకరు కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి. రెండోవాడు పండక్కని బెంగళూరు నుంచి వచ్చిన మా అక్క కొడుకు. వసారాలో మా అమ్మ అనపగింజలు పితుకుతూ కూర్చుంది. నేను పేపరు చూస్తున్నట్టు నటిస్తూ వింటున్నాను.

నేను హోసూరులో ఒక ఆఫీసు గుమాస్తాను. చదువు ఎస్సెల్సీతో ఆగిపోయింది. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణే గాని, బిల్లులూ లెక్కలూ తప్ప దానిలో ఆటలు ఎరుగను. అయినా ఆ పూట విన్న మాటలు నన్ను వదలలేదు. అందుకే వ్రాస్తున్నాను.

ముందు ఆ గుండువాడెవరో చెప్పాలి. కెనడా దేశంలో ఎడ్మంటన్ నగరంలో బయోవేర్ అనే ఆటల సంస్థ ఉంది. వారు 2009లో డ్రాగన్ ఏజ్ అనే ఆటతో ఒక కథ మొదలుపెట్టి, 2014 నవంబరులో మూడో భాగం, ఇన్‌క్విజిషన్ అనేది విడుదల చేశారు. అప్పటికి మా పిల్ల పలకాబలపం వయస్సు దాటి ఎన్నాళ్లో కాలేదు. ఈమధ్య బావ పాత కంప్యూటరు ఇస్తే దానిమీద ఆడింది. ఇది గెలుపోటముల ఆట అనుకోకండి. బొమ్మలతో నడిచే పెద్ద నవల వంటిది. ఆడేవారే నాయకుడో నాయికో అవుతారు. ఎవరికి ఏ జవాబు చెప్పాలో వారే ఎంచుకోవాలి. వెంట సహచరులు నడుస్తారు. మనం చేసిన పని ఆ సహచరునికి నచ్చితే మెచ్చుకున్నాడనీ, నచ్చకపోతే మెచ్చలేదనీ తెరమీద అక్షరాలు పడతాయి.

ఆ సహచరులలో ఒకడు సోలస్. ఎల్ఫు జాతివాడు. ఎల్ఫులంటే యూరపు కథల్లో వచ్చే పొడుగుచెవుల జనం. తల నున్నగా ఉంటుంది గనుక అభిమానులు అతణ్ణి ముద్దుగా ‘గుడ్డు’ అంటారట. మంత్రవిద్య తెలిసినవాడు. పాడుపడిన కోటల్లో నిద్రపోయి, ఒకప్పుడు అక్కడ జరిగినదంతా కలలో చూచి వస్తాడు. అడిగితే విసుగులేకుండా చెబుతాడు. టీ అంటే అసహ్యం. మాది కాఫీ ఇల్లు గనుక ఈ ఒక్క గుణానికి మా ఆవిడ అతనికి మార్కులు వేసింది.

ఆ కథలో ఎల్ఫులకు ఒకప్పుడు గొప్ప రాజ్యముండేది. అది పోయింది. తరువాత దొరికిన రెండో దేశం కూడా యుద్ధంలో పోయింది. కొందరు ఇతరుల పట్నాల్లో, గోడకట్టిన పేటల్లో బ్రతుకుతారు. లొంగనివారు అడవుల్లో బండ్లు కట్టుకుని తిరుగుతారు. వీరిని డేలిష్‌లంటారు. పాత భాషలో వీరికి మిగిలినవి కాసిని ముక్కలే. పాత దేవతల పేర్లు, కొన్ని కథలు, కొన్ని ఆచారాలు. పదేళ్లకొకసారి అన్ని గుంపులవారూ ఒకచోట చేరి, ఎవరికి గుర్తున్నది వారు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇది వినగానే నాకు మన సంఘం మహాసభ జ్ఞాపకం వచ్చింది. అక్కడ భోజనాల ఏర్పాటు ఎలా ఉంటుందో మాత్రం మా పిల్ల చెప్పలేకపోయింది.

డేలిష్‌లు యుక్తవయస్సు రాగానే ముఖంమీద పచ్చబొట్టు పొడిపించుకుంటారు. దాన్ని వల్లస్లిన్, అంటే రక్తపు వ్రాత అంటారు. అది తమ దేవతల గుర్తు అని వారి నమ్మకం. నాయిక డేలిష్ పిల్ల అయితే, ఆమెకూ సోలస్‌కూ ప్రేమ కుదిరితే, ఒక రాత్రి అతడు ఆమెను నీటి ఒడ్డుకు తీసుకుపోయి అసలు సంగతి చెబుతాడు. ఆ గుర్తులు దేవతలకోసం పెట్టుకున్నవి కావట. పూర్వం దొరలు తమ బానిసల ముఖంమీద వేయించిన ముద్రలట. కావాలంటే తుడిచివేస్తానంటాడు. తుడిపించుకోవాలా వద్దా అన్నది ఆడేవారి ఇష్టం. ఏది ఎంచుకున్నా, ఆ వెంటనే అతడు ఆమెను విడిచి వెళ్లిపోతాడు.

ఇదుగో, తగాదా ఇక్కడే. మా పిల్లలిద్దరిదే కాదు. ఈ ఆట ఆడినవారు దేశదేశాల్లో 2014 నుంచీ దీని గురించే వాదించుకుంటున్నారట. ఆ జంటను ప్రేమించేవారు వాళ్లిద్దరి పేర్లూ కలిపి సోలావెల్లన్ అని ఒకే పేరు పెట్టుకున్నారు. ఎల్ఫు భాషలో రచయితలు ఇచ్చిన కొద్ది మాటలకు ఇంకెన్నో చేర్చి, అభిమానులే పెద్ద నిఘంటువు కట్టారు. మా అమ్మాయి అందులో కొన్ని కంఠస్థం చేసింది. కృతజ్ఞత చెప్పాలంటే ‘మా సెరన్నాస్’ అనాలట. దాని నాయనమ్మ తలెత్తి, “ఎవరే ఆ సెరన్న? మన ఊరోడేనా?” అని అడిగింది.

మా మేనల్లుడు సోలస్ పక్షం. “నిజం నిజమే గదా మామా? బానిస గుర్తును దేవుడి గుర్తని పెట్టుకుని తిరిగేవాళ్లకు చెప్పొద్దా? ఆయన ఆ జనం దగ్గరికి ముందే పోయినాడు. నమ్మకుండా మీదపడి తరిమినారు” అన్నాడు.

“చెప్పాల. ఎట్ల చెప్పాల అన్నది అడుగుతా ఉండా” అంది మా అమ్మాయి. “ఆయనకు అంతా తెలుసు. కానీ వీళ్లు నా జనం కాదు అనుకుంటాడు. అంతా పోయినాక కూడా నాలుగు ముక్కలు దాచుకున్నారే అని ఒక్కసారన్నా మెచ్చుకున్నాడా? పైగా ఆ భాష, ఆ రాజ్యం పోయింది ఎవరివల్ల బావా?”

అది అసలు చమత్కారం. కథ చివర తెలిసేదేమంటే సోలస్ మామూలు ఎల్ఫు కాడు. డేలిష్‌లు భయపడే ఫెన్‌హరెల్ అతడే. తోడేలు రూపంలో అతని బొమ్మను వారు విడిదికి బయట, ముఖం అవతలికి తిప్పి నిలుపుకుంటారు. వెనకటి దొరలు దేవతలమని చెప్పుకుని జనాన్ని బానిసలను చేస్తే, తిరగబడి విడిపించినవాడు అతడే. ఆ దొరలను బంధించడానికి లోకానికీ కలలకూ నడుమ ఒక తెర వేశాడు. ఆ తెర వేయడంతోనే ఎల్ఫుల చిరాయువూ, నగరాలూ, విద్యలూ పోయాయి. ఇప్పుడు ఆ తెర చించి పాత లోకాన్ని తేవాలని అతని పంతం. ఇప్పుడున్న లోకం నాశనమైనా సరేనట. ఈ సంగతులు 2015లో వచ్చిన అనుబంధకథలో వస్తాయి.

“అందుకే చెప్తా ఉండా,” అంది మా పిల్ల, “ఇంగ ఆయన...”

‘ఇంగ’ అన్న మాట వినగానే నా నోరు అలవాటుగా తెరుచుకుంది. అంతే. మేనల్లుడు చెయ్యెత్తి, ఆటలో అక్షరాలు పడ్డట్టే, “మామ మెచ్చలేదు!” అని కేక పెట్టాడు. అందరూ నవ్వారు, మా అమ్మాయి తప్ప.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. రెండేళ్ల కిందట కోస్తా నుంచి చుట్టాలు వచ్చారు. మా పిల్ల వడ్డిస్తూ, “ఇంగ కొంచెం వేసుకోండి” అంటే, ఒక పెద్దమనిషి నవ్వి, ఇది తెలుగా తమిళమా అని అడిగాడు. ఆయనకు జవాబు చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పకుండా, చుట్టాలు వెళ్లిన మర్నాటినుంచి పిల్లను దిద్దడం మొదలుపెట్టాను. ‘ఇంగ’ కాదు ‘ఇంకా’, ‘ఈపొద్దు’ కాదు ‘ఈరోజు’. నేను ఈ ఊళ్లోనే తెలుగులో చదువుకుని ఎస్సెల్సీ ప్యాసైనవాణ్ణి. అది బడికి పోయేనాటికి 2006 చట్టం వచ్చి, ఒకటో తరగతినుంచీ తమిళమే మొదటి భాష అయింది. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. దానికి ఉన్నదల్లా నోటి తెలుగు. దాన్ని కూడా వాక్యానికొక తప్పు చొప్పున నేను ఎంచుతూ వచ్చాను. కొన్నాళ్లకు నాతో తమిళంలోనే మాట్లాడసాగింది. నేనేమో ఈకాలపు పిల్లలింతే అనుకున్నాను. ఆ రోజు ఎల్ఫుల తగాదాలో మునిగి, చాలాకాలానికి నా ఎదుట తెలుగులో గలగలా మాట్లాడింది. అప్పుడు కూడా నా నోరు ఊరుకోలేదు.

నవ్వులు ఆగాక మా అమ్మ అడిగింది: “ఆ పిల్ల పచ్చబొట్టు ఎందుకు చెరిపేది?”

బానిస ముద్ర అని చెప్పినాడు నాయనమ్మా అని వివరించింది మా అమ్మాయి. మా అమ్మ తన ముంజేతి పచ్చబొట్టు చూచుకుంది. చుక్కలు అలికిపోయి, ఇప్పుడది తేలో తులసికోటో మాకెవరికీ తెలియదు.

“ఇది మా అమ్మ తిరనాళ్లలో కూర్చోబెట్టి పొడిపించె. ఏడిస్తే బెల్లం పెట్టె. ముందు ఎవరు ఎందుకు పెట్టినారో నాకేమి తెలుసు? నాకు ఇది మా అమ్మే” అని మళ్లీ గింజలు పితకసాగింది.

మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయినా నిజం దాచితే తప్పే అవ్వా” అన్నాడు. అతని మాటా కొట్టివేయదగినది కాదు. పదేళ్లు గడిచినా ఆ అభిమానుల వాదం తెగకపోవడానికి కారణం ఇదే కాబోలు. రెండువైపులా న్యాయముంది.

ఆ రాత్రి మా అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నువ్వేమి ఎంచుకున్నావని అడిగాను. చెరిపించుకోలేదని చెప్పింది. 2024 అక్టోబరు 31న వచ్చిన ది వెయిల్‌గార్డ్ అనే తరువాతి ఆటలో అతని కథ ముగుస్తుందట. ముగిసే తీరులు ఒకటికంటె ఎక్కువ. ఒక తీరులో అతడు పంతం విడిచి, ఆ తెరను నిలబెట్టడానికి తన్నే కట్టుబెట్టుకుంటాడు. ప్రేమించిన పిల్ల అతని వెంట వెళ్లిపోతుంది. “బలవంతంగా గెలిచి కాదు నాయనా, చెప్పి మార్చినారు” అంది. తెలుగులోనే అంది.

ఆ నిఘంటువు మాదిరి నాయనమ్మ మాటలు మనమూ వ్రాసి పెడదామా అని అడిగాను. నన్ను అనుమానంగా చూచింది గాని, మర్నాడు ఒక నోటుబుక్కు తెచ్చింది. మొదటి మాట తానే వేసింది. ‘ఇంగ’. రెండోది ‘పితికిపప్పు’. మా అమ్మ చెబుతుంటే అది వ్రాస్తుంది. ఇప్పటికి పది పేజీలు నిండాయి. సగం మాటలు తమిళ లిపిలో ఉన్నాయి, దానికి అదే చెయ్యి తిరిగిన వ్రాత గనుక. నేను పక్కనే కూర్చుంటున్నాను. దిద్దడం లేదు. అడిగినప్పుడు మాత్రం, ఆ మాటకు తెలుగు అక్షరాలు ఎలా ఉంటాయో వ్రాసి చూపిస్తున్నాను.