క్రిస్మస్ ట్రీకి మా ఇంటి లెక్క

మా ఇంట్లో ఖర్చంతా డిసెంబరుదే. పిల్లలకు కొత్త బట్టలు, కేకు సామాను, రాత్రిపూట క్యారల్స్ పాడుతూ వచ్చే యువజనులకు ఇచ్చే కానుక, సంఘంలో సెమీ క్రిస్మస్ చందా. వీటిలో దేన్నీ తగ్గించడానికి నాకు మనసొప్పదు. అందుకే ట్రీ దగ్గర మాత్రం గట్టిగా లెక్క చూసుకున్నాను. కొట్లో చెప్పే ధర కాదు, ఒక్కో క్రిస్మస్‌కి ఎంత పడుతుందన్నదే నా లెక్క.

బాపట్ల వైపు పెరిగిన మాకు ట్రీ అంటే సరుగుడు కొమ్మే. సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో కాగితపు మిల్లులకూ సెంట్రింగు కర్రలకూ పెంచే తోటలవి. పండుగ ముందు అడిగితే తోటవాళ్లు ఓ కొమ్మ ఊరికే ఇచ్చేవారు. ఇసుక పోసిన బకెట్లో నిలబెట్టి రంగుకాగితాలు, దూది అతికించేవాళ్లం. గుంటూరులో అదే కొమ్మ ఆటోతో కలిపి 400 అవుతోంది. పదేళ్లకు 4,000. పైగా కోసిన కొమ్మ త్వరగా ఎండుతుంది. ఎండు కొమ్మకు సీరియల్ బల్బులు చుట్టడమంటే నాకు భయం.

ఆరడుగుల ప్లాస్టిక్ ట్రీ 2,500 చెప్పారు. పదేళ్లు వాడితే ఏడాదికి 250, అన్నిటికన్నా చవక. "పండుగయ్యాక ఎక్కడ పెడతామండీ?" అని మా ఆవిడ అడిగింది. సరైన ప్రశ్న. అద్దె ఇల్లు, అటక ఇప్పటికే నిండింది. ఇల్లు మారినప్పుడల్లా ఊచలు వంగి, ఆకులు రాలి మూడేళ్లకే పారేస్తే ఏడాదికి 830 దాటుతుంది. సొంత ఇల్లు, చోటు ఉన్నవాళ్లకే ఆ 250 నిజం.

చివరికి కుండీ మొక్క తీసుకున్నాం. కడియం నుంచి మొక్కలు తెప్పించే నర్సరీలో మూడడుగులది 900. అందరూ క్రిస్మస్ ట్రీ అనే దీని అసలు పేరు అరకేరియా, పుట్టిల్లు ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న నార్‌ఫోక్ దీవి. కుండీలో నిదానంగా పెరుగుతుంది. కింది వరస కొమ్మలు పచ్చగా ఉన్నదాన్నే ఎంచుకోవాలి, ఎందుకంటే రాలిన కొమ్మ మళ్లీ రాదు. తల తుంచితే ఆ అంతస్తుల అందం పోతుంది. కొమ్మలు సన్ననివి కాబట్టి బరువైన బొమ్మలు వద్దు. ఏడాదంతా బాల్కనీ వెలుగులో ఉంచి, పండుగ రోజుల్లో మాత్రమే హాల్లోకి తెస్తాం. మట్టి, ఎరువు, అప్పుడప్పుడూ పెద్ద కుండీ కలిపి ఏడాదికి 200 వేసుకున్నా, పదేళ్లకు 2,900. పూర్తిగా వాడిన ప్లాస్టిక్‌కన్నా ఏడాదికి 40 ఎక్కువ. ఆ నలభై ఇష్టంగా పెడతాను, ఇది పిల్లలతో పాటు పెరిగే చెట్టు. కుండీ చాలనప్పుడు చర్చి ఆవరణలో నాటిస్తామని అయ్యగారికి ముందే చెప్పి ఉంచాం.

లైట్ల సంగతికొస్తే, పాత బల్బుల దండ 40 వాట్లది రోజుకు అయిదు గంటల చొప్పున నెలకు 6 యూనిట్లు తాగుతుంది. 5 వాట్ల ఎల్‌ఈడీ దండకు ఒక్క యూనిట్ కూడా కాదు.

పెరడు ఉన్నవాళ్లు అరకేరియాను గోడ పక్కన మాత్రం నాటకండి. నేలలో వేళ్లూనితే అది మేడను మించి పెరుగుతుంది.